గాంధీ బాంబు వేశాడట, పిల్లలు చెడిపోయారట

నిన్నటితో ఆరోసారి. "వీడియో గేములు మన పిల్లల బుర్రలో చరిత్రను పాడుచేస్తున్నాయి" అని మొదలై, "పది మందికి పంపండి" అని ముగిసే మెసేజ్. పంపిన ఆరుగురూ కావలసినవాళ్లే, అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

ఒకటి. ఏదో గేములో గాంధీ అణుబాంబులు వేస్తాడట, పిల్లలు నిజమని నమ్మేస్తారట. ఆ గేము సివిలైజేషన్, చరిత్రలోని నాయకులు రాజ్యాలు నడిపే ఆట. 1991 నాటి మొదటి గేములో ప్రోగ్రామింగ్ పొరపాటు వల్ల అలా అయిందన్న కథ ఉత్తిదేనని, దాన్ని తయారుచేసిన సిడ్ మైయరే 2020లో రాసుకున్నాడు. 2010లో వచ్చిన ఐదో గేములో మాత్రం కావాలనే పెట్టారు, జోకుగా. గాంధీ ఎవరో తెలియనివాడికి ఆ జోకు అర్థమే కాదు.

రెండు. కళ్లు పోతాయట. టీవీ కొన్న రోజున మా తాతయ్య కూడా ఇదే అన్నాడు.

మూడు. గేముల్లో అన్నీ తప్పులే. అన్నీ కాదు గానీ, ఉన్నాయి. అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే గేము ఫ్రెంచి విప్లవం నాటి పారిస్‌లో నడుస్తుంది. అందులో నోత్రదామ్ చర్చి మీద కనిపించే సూదిలాంటి శిఖరం విప్లవం అయిన ఎన్నో ఏళ్లకు, 1859లో కట్టింది! అంతేకాదు, 2019లో ఆ చర్చి తగలబడ్డాక, ఈ గేము చూసే మళ్లీ కడుతున్నారని మా గేమర్లు తెగ ప్రచారం చేశారు. అదీ అబద్ధమే. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు అంతకు చాలాముందే తీసిపెట్టిన లేజర్ స్కాన్లు ఉన్నాయి. ఫార్వర్డ్ జబ్బు మీ ఒక్కరిదే కాదు.

నాలుగోదే నా ఒళ్లు మండించింది. "గేము ఆడి చరిత్ర పుస్తకం తెరిచిన పిల్లాడు ఒక్కడూ లేడు. గేము గురించి అడిగితే జవాబు చెప్పకండి, మార్కులు రావు." మా అన్నయ్య కొడుకు ఏడో తరగతి. ఊళ్లు కట్టి యుద్ధాలు చేసే గేము ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో 2022లో చేర్చిన రాజేంద్ర చోళుడి కథ ఆడుతూ, "బాబాయ్, అన్ని ఓడలేసుకుని నిజంగానే వెళ్లాడా?" అన్నాడు. వెళ్లాడురా, 1025లో శ్రీవిజయ రాజ్యం మీదికి, సుమత్రా దాకా. ఆయన కూతురు అమ్మంగదేవి మన రాజమండ్రి కోడలు, రాజరాజ నరేంద్రుడి భార్య అని చెప్పాను. వాడు ఆట ఆపేశాడు. "నన్నయ భారతం రాసింది ఆ రాజు కోసమేగా?" నన్నయ తెలుగు పీరియడ్‌లో, చోళులు సోషల్ పీరియడ్‌లో. ఇద్దరిదీ ఒకే కాలమని వాడికి ఎవరూ చెప్పలేదు. రాజరాజ నరేంద్రుడి, అమ్మంగదేవి అబ్బాయే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడని నేను చెప్పేలోగా సోషల్ పుస్తకం వెతుక్కోవడానికి లేచాడు. ఏం చెయ్యమంటారు, మార్కులు రావని కూర్చోబెట్టమంటారా? మీ మెసేజ్ ప్రకారం వాడసలు పుట్టనే లేదు మరి!

మెసేజ్ చివర్లో, దానికి తగిలించిన కళ్లద్దాల ప్రకటన కన్నా చిన్న అక్షరాల్లో ఇంకో లైను ఉంది: "యుద్ధం ఆటబొమ్మ అయిపోయింది." ఇది నిజం. గేములో అవతలివాడి ఊరు తగలబెడుతున్నప్పుడు నేను చూసేది స్కోరే. నా ఊళ్లో కట్టెలు కొట్టేవాడు చస్తే, యాభై ఆహారం ఖర్చుపెట్టి ఇంకొకణ్ణి పుట్టిస్తాను. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను, ఆ చచ్చినవాడికో పేరుంటుందని ఒక్కసారీ తోచలేదు. ఈ ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. రాసినవాళ్లు దాన్ని ఒక్క లైనుతో వదిలేసి, గాంధీకి మాత్రం రెండు పేరాలు ఇచ్చారు.