తోడల్లుడి తల తీసిందెవరు?

తెలుగిళ్లలో చుట్టాలు మాటలు మానేసుకోవడానికి పొలం గట్లనీ, కట్నం బాకీలనీ, పెట్టిన చీర నాసిరకమనీ రకరకాల కారణాలు చెప్తుంటారు గానీ, అసలు దోషి పేరు ఇంతవరకూ ఏ పెద్దమనుషుల పంచాయితీలోనూ బయటికి రాలేదు. ఆ దోషి 8×10 అంగుళాల ఫొటో ఫ్రేమ్.

నమ్మకపోతే లెక్క చూడండి. పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతిలోని పెద్ద కెమెరా మామూలుగా తీసేది 3:2 ఫొటో, అంటే వెడల్పు మూడు పాళ్లయితే ఎత్తు రెండు పాళ్లు. 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు అనుకోండి. 8×10 అంటేనేమో 5:4. ఎత్తు మొత్తం ఉంచితే వెడల్పులో 5000 మిగులుతుంది, ఆరో వంతు ఎగిరిపోతుంది. మీ గ్రూప్ ఫొటోలో ఈ చివర నుంచి ఆ చివర దాకా పన్నెండు మంది ఒకే వరసలో ఇరుక్కుని నిలబడితే, ఆరో వంతు అంటే సరిగ్గా ఇద్దరు. అటొకరు, ఇటొకరు. చివర్లో ఎప్పుడూ ఎవరుంటారు? "మీరు లేకపోతే ఎలా అండీ, రండి రండి" అని బంతిలోంచి సగం భోజనంలో లేపుకొచ్చిన తోడల్లుడు ఒకపక్క, శుభలేఖ ఆలస్యంగా అందిందని ముందే అలిగి ఉన్న మేనత్త ఇంకోపక్క. ఫ్రేమ్ షాపు కుర్రాడికి ఈ చరిత్రంతా ఏం తెలుసు? గోడకెక్కిన ఫొటోలో తోడల్లుడి తాలూకు ఒక మోచెయ్యి, దానికో గడియారం. అంతే.

కాబట్టి ఫొటో వెడల్పుకీ ఎత్తుకీ మధ్య ఉండే ఈ యాస్పెక్ట్ రేషియో అనే వ్యవహారాన్ని కళాకారులకి వదిలేయడం ఇక కుదరదని, ప్రజాజీవితానికి సంబంధించిన విషయంగా చూడాలని నా మనవి.

పోనీ ఆ 3:2 అయినా ఏ సౌందర్యశాస్త్రం నుంచో పుట్టిందా అంటే అదీ లేదు. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్‌కి ఆయాసం. బండెడు కెమెరా, గాజు పలకలు మోయలేక సినిమా రీలు పట్టే బుల్లి కెమెరా ఒకటి తయారుచేసుకున్నాడు. సినిమా ఫ్రేమ్ 18×24 మిల్లీమీటర్లు, ఫొటోకి అది మరీ చిన్నదని రెండు ఫ్రేముల జాగా కలిపేస్తే 24×36 అయింది, 1925లో లైకా పేరుతో జనంలోకి వచ్చింది. ఒక మనిషి ఆయాసం, అప్పటికే ఉన్న రీలు వెడల్పు, ఈ రెండూ కలిసి వందేళ్ల తర్వాత కూడా మీ మేనత్త భవిష్యత్తుని నిర్ణయిస్తున్నాయి. ఇప్పటి టీవీల 16:9 కథ ఇంకా విచిత్రం. 1980లలో అమెరికాలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజినీరు అప్పటి సినిమా, టీవీ కొలతలన్నిటినీ సమాన వైశాల్యం ఉన్న దీర్ఘచతురస్రాలుగా ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే, వాటన్నిటికీ సర్దుబాటయ్యే చట్రం 16:9 దగ్గర తేలింది. ఎవరికీ పూర్తిగా నచ్చదు, ఎవరూ కాదనలేరు, అచ్చం సంకీర్ణ ప్రభుత్వమే.

ఆ ప్రభుత్వం మన హాల్లో గోడ మీద కూర్చుని చేస్తున్న పని చూశారా? పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా 4:3 చట్రంలో తీసింది. దాన్ని 16:9 టీవీలో వేస్తే అటూ ఇటూ నల్లటి పట్టీలు రావాలి. కానీ మనకి ఖాళీ అంటే పడదు, డబ్బులిచ్చి కొన్న టీవీలో ప్రతి అంగుళం పనిచేయాల్సిందే. రిమోట్‌లో ఏదో నొక్కితే బొమ్మ సాగి తెర నిండుతుంది, అందులో ఉన్నవాళ్లందరూ సరిగ్గా మూడో వంతు లావవుతారు. ఆ కాలంలో నాయికలు భలే బొద్దుగా ఉండేవారని ఇప్పటి పిల్లలు చెప్పుకుంటున్నారంటే ఆ పాపం తిండిది కాదు, రిమోట్‌ది.

సాగదీతలో మనకి అసలైన విశ్వవిద్యాలయం ఫ్లెక్సీ షాపు. అభిమాని వాట్సాప్‌లో పంపిన అన్నగారి సెల్ఫీ నిలువుగా 9:16లో ఉంటుంది. కట్టాల్సిన ఫ్లెక్సీ 8×4 అడుగులు, అడ్డంగా. రేపు పొద్దున పుట్టినరోజు, బయట కర్రలు పట్టుకుని నలుగురు ఎదురుచూస్తున్నారు. ఆపరేటర్ ఫొటో తెరిచి, పక్క అంచు మధ్యనున్న చిన్న చుక్కని మౌస్‌తో పట్టుకుని లాగుతాడు. మూల చుక్కని పట్టుకుని లాగితే పొడవూ వెడల్పూ సమానంగా పెరిగే పద్ధతొకటుందని అతనికి బాగా తెలుసు. కానీ అన్నగారి మెడలో దండకి, కింద చోటా నాయకుల పద్నాలుగు తలకాయలకి చోటు లెక్కేసుకున్నాక మిగిలిన జాగా నిండాలి. అన్నగారి ముఖం పూరీలా విచ్చుకుంటుంది. "నిండుగా ఉందన్నా," అంటారు అందరూ. ప్రజాసేవలో మనిషి విస్తరించడమంటే ఇదే కాబోలు.

ఇక ఫోన్ల సంగతి. కెమెరాలో "ఫుల్" అని ఒక బటన్ ఉంటుంది, పేరు విని ఎక్కువ వస్తుందనుకుని మనవాళ్లు దాన్నే నొక్కుతారు. చాలా ఫోన్లలో బొమ్మని పట్టే సెన్సర్ 4:3. 12 మెగాపిక్సెల్ అంటే 4000×3000. ఫోన్ తెర 20:9 అయితే ఈ ఫుల్ అనేది దాన్ని 4000×1800కి కోసి ఇస్తుంది, అంటే 7.2 మెగాపిక్సెల్. షాపులో మెగాపిక్సెళ్ల కోసం గంటసేపు బేరమాడి, ఇంటికొచ్చి నలభై శాతం పారబోసుకునే బటన్‌కి ఫుల్ అని పేరు పెట్టినవాడికి ఏదో ఒక పద్మ అవార్డు ఇవ్వాలి. తెలివైనవాళ్లు 4:3లోనే తీసి, తర్వాత తీరిగ్గా కోసుకుంటారు. కోసింది అతకదు కదా.

అలాగని మన జాతికి నిష్పత్తి విషయంలో క్రమశిక్షణ లేదని అనకూడదు. అమెరికా వీసా ఫొటో దగ్గర చూడండి మనవాళ్ల నిష్ఠ. రెండంగుళాల చతురస్రం, గడ్డం నుంచి నడినెత్తి దాకా అంగుళానికి తగ్గకూడదు, ఒకటీ మూడెనిమిదో వంతుల అంగుళం దాటకూడదు. జాతకాల్లో కూడా ఇంత పట్టింపు చూపించని తండ్రి స్కేలు పెట్టి కొడుకు తలకాయ కొలుస్తాడు. అదే కొడుకు నిశ్చితార్థం ఫొటోని రేపు వాట్సాప్ డీపీలో గుండ్రంగా కోసి కాబోయే కోడలి చెవి దగ్గర ఆపేసేదీ ఆయనే.

ఏ బొమ్మకి ఏ చట్రం అనేదాంట్లోనూ మన స్వతంత్ర భావాలు మనకున్నాయి. రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జిని స్టేటస్ కోసం నిలువుగా తీస్తాం, రెండు ఆర్చీలూ బోలెడంత ఆకాశమూ వస్తాయి. చార్మినార్‌ని యూట్యూబ్ కోసం అడ్డంగా తీస్తాం, మినార్ల కంటే గాజుల బళ్లు, ఆటోలు ఎక్కువ పడతాయి. నదికీ వంతెనకీ అడ్డం, గాలిగోపురానికి నిలువు, ఒంటరి ముఖానికి 4:5 లాంటి పొట్టి నిలువు అని ఫొటోగ్రాఫర్లు మొత్తుకుంటారు గానీ, వాళ్ల మాట వింటే లైకులు ఎవరిస్తారు? పైగా ఆ ఇన్‌స్టాగ్రామ్ కూడా స్థిరంగా ఉండదు. 2015 దాకా చతురస్రం తప్ప ఒప్పుకోలేదు, 2025లో ప్రొఫైల్ గ్రిడ్‌ని నిలువు చేసేసింది, ఏళ్ల తరబడి గళ్లు సరిచూసుకుని పెట్టినవాళ్ల పేజీలు ఒక్కరోజులో చిందరవందర.

అందుకని ప్రభుత్వానికి నా ప్రతిపాదన సూటిగా ఉంది. గ్రూప్ ఫొటో తీసేవాడు అటూ ఇటూ ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలాలి, వదలకపోతే కేటరింగ్ వాళ్లు భోజనం పెట్టకూడదు. ఫ్రేమ్ షాపులో 8×10తో పాటు, కొయ్యకుండా పట్టే 8×12 కూడా ఉంచాలి, ఉన్నా అడిగితే గానీ చెప్పని షాపులకి జరిమానా. పన్నెండు మందినీ ధారాళంగా పట్టించుకునే 12×36 పెళ్లి ఆల్బమ్‌కి మాత్రం సబ్సిడీ ఇవ్వొచ్చు. కాకపోతే దాన్ని తెరిచినప్పుడు సరిగ్గా మధ్యలో ఒక మడత ఉంటుంది, ఆ మడత ఎవరి ముక్కు మీద పడాలో ముందే తేల్చుకుని సంతకాలు పెట్టాలి, అటు వియ్యంకుడు, ఇటు వియ్యంకుడు, సాక్షిగా ఫొటోగ్రాఫర్.