మట్టి బాటకు ప్రవేశ పరీక్ష

తారు రోడ్డు అయిపోయి మట్టి మొదలయ్యే ప్రతి చోటా ఒక నిపుణుడు నిలబడి ఉంటాడు. ఆయన్ను అక్కడ ఎవరు నియమించారో తెలియదు, జీతం ఎవరిస్తారో తెలియదు. ఎప్పుడు చూసినా డ్యూటీలోనే ఉంటాడు. పాత రోడ్ సైకిలు వేసుకుని కాసేపు చెట్ల మధ్య తొక్కుదామని వచ్చినవాణ్ణి ఆపి, సైకిలును కింది నుంచి పైదాకా చూసి, చాలా జాలిగా ఒక మాట అంటాడు.

“బ్రో, ఇది గ్రావెల్ బైక్ కాదు.”

గ్రావెల్ బైక్ అంటే మట్టి, కంకర దారుల కోసమని లావు టైర్లతో చేసి అమ్మే సైకిలు. ఈ మాట మీరూ విన్నారు. విననివాళ్లెవరైనా ఉంటే, వాళ్లు ఇంకా సైకిలు బయటికి తీయలేదన్నమాట.

ఆయన్ను నేనేమీ తప్పుపట్టడం లేదు. నిజానికి ఈ వ్యవస్థను ఇంకా కట్టుదిట్టం చేయాలన్నదే నా వాదన. మట్టికీ ఒక మర్యాద ఉంటుంది కదా! మూలన పడున్న పాత సైకిలుకు గాలి కొట్టుకుని ఎవరు పడితే వాళ్లు దాని మీదికి ఎక్కేస్తే ఎలా? ప్రవేశ పరీక్ష పెట్టాలి. హాల్ టికెట్లు ఇవ్వాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు చూపించిన తర్వాతే లోపలికి పంపాలి.

ఈ కట్టుబాట్లు లేని రోజుల్లో ఎంత అరాచకం నడిచిందో చరిత్రలో ఉంది. 1910లో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పోటీ పైరెనీస్ పర్వతాల్లో టూర్మలే కనుమ ఎక్కింది. రోడ్డంటే అక్కడ రాళ్లూ మట్టీ. ఆక్టేవ్ లాపీజ్ అనే ఆయన కొంత తొక్కుతూ, కొంత తోసుకుంటూ అందరికన్నా ముందు ఆ కనుమ దాటాడు. ఆ ఏడాది టూర్ కూడా ఆయనే గెలిచాడు. చైనును ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే, ఇప్పుడు మనం వాడే డీరెయిలర్ గేర్లను ఆ పోటీలో అనుమతించిందే 1937లో. అంటే మనిషి గేర్లు మార్చే సౌకర్యం లేకుండా, సస్పెన్షన్ లేకుండా, ముఖ్యంగా నిపుణుల సలహా లేకుండా వెళ్లిపోయాడు. కింద ఎవరైనా ఆపి “బ్రో” అని ఉంటే పాపం ఇంటికెళ్లిపోయేవాడు.

1955లో ఇంగ్లండ్‌లోని లెమ్‌స్టర్‌లో రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అని ఒక సంఘం పెట్టారు. రోడ్డు లేని చోట సైకిలు తొక్కడమే ఆ సంఘం పని. వాళ్లవి మామూలు టూరింగ్ సైకిళ్లు. వంగిన హ్యాండిలు, స్టీలు ఫ్రేము, సీటు వెనక ఒక సంచి. 1958లో అందులో కొందరు ఐస్‌లాండ్ నడిమధ్య ఎడారిని కూడా దాటేశారు. గ్రావెల్ బైక్ అన్న పేరు పుట్టకముందే గ్రావెల్ మీదికి వెళ్లిపోయారంటే వాళ్లది ఎంత తొందరపాటో చూడండి.

ఇటలీ సంగతి మరీ ఘోరం. 1997 నుంచి అక్కడ లెరోయికా అని ఒక యాత్ర జరుగుతోంది. టస్కనీలో తెల్లటి మట్టి రోడ్ల మీద తొక్కాలి. సైకిలు 1987లోనో అంతకుముందో తయారైన రోడ్ సైకిలై ఉండాలన్నది మూల నియమం. గేరు మీటలు ఫ్రేము కింది గొట్టం మీద ఉండాలి, బ్రేకు కేబుళ్లు హ్యాండిలు బయట కనబడాలి. కొత్త కార్బన్ సైకిలుతో వస్తే రానివ్వరు. మన నిపుణుణ్ణి తీసుకెళ్లి ఆ గేటు దగ్గర నిలబెడితే ప్రపంచం తలకిందులైందనుకుని అక్కడే కూలబడిపోతాడు.

సరే, సిలబస్‌కు వద్దాం. మొదటి ప్రశ్న టైరు. నిపుణుడి లెక్కలో 45 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఉంటేనే మట్టి మీద అడుగు పెట్టాలి, నలభై అయితే గ్రేస్ మార్కులు. బురదలో పడి లేచి, సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తే సైక్లోక్రాస్ ప్రపంచ ఛాంపియన్లు ఎంత టైరు వాడతారో ఆయన్ను అడక్కండి. అంతర్జాతీయ సైకిలు సంఘం యూసీఐ వాళ్లకు విధించిన గరిష్ఠ పరిమితి 33 మిల్లీమీటర్లు. ప్రపంచ ఛాంపియన్ కూడా మన బాట దగ్గర ఫెయిలే.

పాత స్టీలు సైకిళ్లలో, ముఖ్యంగా టూరింగ్ రకాల్లో, టైరు చుట్టూ జాగా మనం అనుకున్నదాని కన్నా ఎక్కువే ఉంటుంది. 28 సులువుగా, చాలావాటికి 32, అదృష్టం బాగుంటే 35 పడతాయి. ఇరుకంతా ఆ తర్వాత వచ్చిన రేసింగ్ ఫ్రేములది. తెలుసుకోవడానికి నిపుణుడు అక్కర్లేదు, అలెన్ కీల కట్ట చాలు. చక్రం బిగించి, బ్రేకు కింద, ఫోర్కు మెడ దగ్గర, పెడళ్ల వెనకాల రెండు గొట్టాలూ దగ్గరకొచ్చే చోట 4 మిల్లీమీటర్ల కీ దూర్చి చుట్టూ తిప్పండి. ఎక్కడా పట్టుకోకుండా తిరిగితే ఆ టైరు ఉంచుకోవచ్చు. బురద దారైతే ఇంకాస్త సన్నం టైరుకు దిగండి, టైరుకూ ఫ్రేముకూ మధ్య బురద పోవడానికి చోటుండాలి.

సైకిలు మరీ పాతదై 27 అంగుళాల చక్రాలుంటే అది శాపం కాదు, వరం. ఆ రిమ్ము మీద టైరు కూర్చునే చోట అడ్డుకొలత 630 మిల్లీమీటర్లు. ఇప్పటి 700సి రిమ్ముకు 622. చక్రం మారిస్తే పైన 4 మిల్లీమీటర్ల జాగా ఉచితంగా కలిసొస్తుంది. బ్రేకు రబ్బర్లను అంతే కిందికి జరపాలి, పాత బ్రేకుల్లో రబ్బరు జరిగే గాడి ఎక్కువసార్లు సరిపోతుంది. పైగా ఆ రోజుల్లో వచ్చిన స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టదు. అల్యూమినియం రిమ్ము, కొత్త రబ్బర్లు పడ్డాయంటే సైకిలు పట్టు ఒక్కసారిగా మారిపోతుంది. ఇంతకన్నా లాభసాటి మార్పు నాకు తెలిసి ఇంకోటి లేదు.

గాలి సంగతి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అందులో అమ్మడానికేమీ లేదు. సన్న టైరులో 100 పీఎస్‌ఐ కొట్టి కంకర మీదికెళ్లి, ప్రతి రాయికీ వెన్నుపూస లెక్క అప్పజెప్పి, “అబ్బే, రోడ్ సైకిలు పనికిరాదు” అని వెనక్కొచ్చేవాళ్లున్నారు. 32 టైరు వేసుకుని, మనిషి బరువును బట్టి 50, 60కి దించితే అదే సైకిలు, అదే దారి, వేరే లోకం. గేర్లు కూడా అంతే. ముందు 52-42 పళ్లు, వెనక 13-24 పళ్లు అన్నది కుర్రాళ్ల మోకాళ్లకు వేసిన లెక్క. వెనక పెద్ద పళ్ల చక్రం, దానికి తగ్గ పొడుగు చేతి డీరెయిలర్, వీలైతే ముందు చిన్న చైన్‌రింగ్, అంటే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం. అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు ప్రవేశ పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్ల దగ్గరికి వెళ్దాం. వాళ్లు తారు చివర్లో ఆగి ఉన్నారు. ఎందుకాగారంటే, ఒకాయన వెనక గేరు కదలడం లేదు. వైర్‌లెస్ గేరు, బ్యాటరీ అయిపోయింది. చార్జర్ ఇంట్లో ఉంది. కంగారు పడాల్సిన పనిలేదని నిపుణుడు ధైర్యం చెప్పాడు. ఆ కంపెనీ సీటు గొట్టంలో కూడా అదే బ్యాటరీ ఉంటుంది, బటన్ నొక్కితే సీటు పైకీ కిందికీ వెళ్లే గొట్టం. పక్కాయనకు ఆ గొట్టం ఉంది. ఆయన సీటు దించి ఉండగానే బ్యాటరీ పీకి ఇచ్చాడు. ఇక సీటు లేవదు. స్నేహం కోసం గడ్డాన్ని మోకాళ్లకు ఆనించి తొక్కడానికి సిద్ధపడ్డాడు, గొప్ప మనిషి. ఈలోగా గేరాయన ఫోనులో యాప్ తెరిచాడు. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది, అప్‌డేట్ చేస్తారా అని అడిగింది. వద్దని నొక్కబోయి అవునని నొక్కాడు. సిగ్నల్ ఒక గీతే ఉంది. గేరు మార్చాలంటే ఎత్తైన చోటికి వెళ్లాలి, ఎత్తైన చోటికి వెళ్లాలంటే గేరు మారాలి. మూడో ఆయన ఈ సమస్యలోకి రాలేదు, ఆయనకు వేరే పని ఉంది. ట్యూబ్‌లెస్ టైరులో సన్న చిల్లి పడితే లోపలి ద్రవం దానంతటదే పూడ్చేస్తుంది కదా, ఆ ద్రవం ఎండిపోయిందేమో చూద్దామని వాల్వు తిప్పాడు. ఎండలేదు. ముఖం తుడుచుకుంటున్నాడు. టైరు అంచు రిమ్ము నుంచి ఊడొచ్చింది. చేతి పంపుతో ఎంత కొట్టినా మళ్లీ కూర్చోదు, దానికి ఒక్కసారిగా దూసుకొచ్చే గాలి కావాలి. కంప్రెసర్ తెచ్చుకోవాల్సిందని నిపుణుడు తేల్చాడు. ఇంతలో ఒక పెద్దాయన పాత సైకిలు మీద వచ్చి, వీళ్ల పక్కనుంచి దిగి, చెయ్యి చాచి కింది గొట్టం మీది మీట టక్కున లాగి, చెట్ల మధ్యకు వెళ్లిపోయాడు. గంట తర్వాత ఆయన తిరిగొస్తుంటే అప్‌డేట్ అరవై శాతం దగ్గర ఉంది. నిపుణుడు తలెత్తి చూసి, నిజమైన బాధతో అన్నాడు: “అంకుల్, ఆ సైకిలుతో రిస్క్ తీసుకోకండి.”

రిస్క్ అంటే గుర్తొచ్చింది. మన పాత సైకిలుకు పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్‌లో మర లోపలే ఉంటుంది. బేరింగ్ పోతే విప్పి కొత్తది బిగిస్తే అయిపోయె. దశాబ్దాల పాటు ఇది ఒక పెద్ద సమస్యగా ఎవరికీ తోచలేదు. తర్వాత మేధావులు దిగారు. మర తీసేసి బేరింగును ఒత్తి కూర్చోబెట్టారు. బీబీ30 అన్నారు, పీఎఫ్30 అన్నారు, బీబీ86, బీబీ90, బీబీ386 అన్నారు. ఒకదాని ముక్క చాలాసార్లు ఇంకోదానికి పట్టదు. కిర్రుకిర్రుమని శబ్దం మాత్రం దేన్నీ వదల్లేదు. చివరికి టీ47 అని ఒక విప్లవం వచ్చింది. అదేమిటయ్యా అంటే, మర! కాస్త పెద్ద మర. ఇరుసుల కథా ఇంతే. వెనక ఇరుసు వెడల్పు 120 మిల్లీమీటర్ల నుంచి 126, 130, 135, 142, 148 దాకా పెరుగుతూ పోయింది, మనిషి కాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

పోనీ, కొనేవాడి డబ్బు, కొనేవాడి సరదా. నాకు మండేది అక్కడ కాదు. ఫ్రేము నిక్షేపంగా ఉంటుంది, చక్రాలు బాగుంటాయి, పోయింది వేలెడంత ముక్క. ఆ ముక్క ఆ మోడల్‌కు తప్ప దేనికీ పట్టదు, ఆ మోడల్‌ను చేసినవాళ్లే దాన్ని మర్చిపోయారు. ఇంకా ఎన్నో ఏళ్లు తిరగగల సైకిలు ఆ వేలెడు ముక్క కోసం తుక్కులోకి పోతుంది. ఇది నిర్లక్ష్యం వల్ల జరిగింది కాదు. కూర్చుని, ఆలోచించి, బొమ్మ గీసి మరీ చేశారు. సిగ్గుండాలి.

అంతకన్నా పెద్ద పాపం నిపుణుడిది. ఇంట్లో ఉన్నదే వేసుకుని మొదటిసారి మట్టి వైపు తిప్పిన పిల్లాడో, పిల్లో ఉంటారు. ఆ సైకిలు మీదే ప్రాణం. వాళ్లకు కావాల్సింది ఇంకో నాలుగు మిల్లీమీటర్లు లావు టైరు, కాస్త తక్కువ గాలి, కొత్త బ్రేకు రబ్బర్లు. ఎవరైనా రెండు నిమిషాలు కూర్చుని చెప్పొచ్చు. బదులుగా వీడు ఆ సైకిలు వంక ఒక చూపు చూసి, “ఇది కాదు” అంటాడు. సైకిలు ఉన్నవాణ్ణి ఒక్క మాటతో సైకిలు లేనివాణ్ణి చేసి పంపుతాడు. ఆ పిల్ల సైకిలు తిప్పుకుని తారు మీదికి వెళ్లిపోతుంది. రేపు మళ్లీ రాదు. ఎవడిచ్చాడురా నీకా అధికారం? ఆ మట్టి నీ తాత పోయించాడా?

క్షమించాలి. వ్యాసం గంభీరంగా సాగుతోంది కదా.

న్యాయంగా చెప్పాలంటే మన పాత సైకిళ్ల వర్గంలోనూ మహానుభావులు తక్కువేం కాదు. పాతదైతే చాలు, ఏదైనా చేయొచ్చనుకుంటారు. స్టీలు ఫ్రేము వెనక వెడల్పును 126 నుంచి 130కి సాగదీయొచ్చు, అటు రెండు ఇటు రెండు మిల్లీమీటర్లు, తర్వాత చక్రం కూర్చునే రెండు కొసలూ సూటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇది విని ఒకాయన అల్యూమినియం ఫ్రేమును కాళ్ల మధ్య పెట్టుకుని లాగుతుంటాడు. అది సాగదు, పగులుతుంది. ఇంకొకాయన కింది గొట్టం మెడ దగ్గర పెయింటు ముడతపడి వెంట్రుకవాసి గీత కనబడుతుంటే “అది డిజైనండీ” అంటాడు. అది డిజైను కాదు, పాత గుద్దు గుర్తు. ఆ ఫ్రేము గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది.

వీళ్లందరిలోకీ శిఖరం, పాత ఫోర్కుకు డిస్క్ బ్రేకు వెల్డింగ్ చేయించేవాడు. రిమ్ బ్రేకు భారం ఫోర్కు పైన, రెండు కాళ్ల మీదా సమానంగా పడుతుంది. డిస్కు భారమంతా ఒకే కాలి అడుగున పడుతుంది. ఆ సన్న గొట్టాన్ని దానికోసం చేయలేదు, వెల్డింగ్ వేడికి అది ఇంకా బలహీనమైపోతుంది. దిగుడులో గట్టిగా బ్రేకు నొక్కినరోజు ఫోర్కు మడత పడి ముందు పళ్లు రాలడం ఒక ఎత్తు. అప్పుడు చెట్ల మధ్య నుంచి నిపుణుడు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, “నేను ముందే చెప్పాను కదా బ్రో” అంటాడు. పళ్లు లేని నోటితో ఆయనకు గట్టి జవాబు చెప్పడం చాలా కష్టం.