సోమవారం చేసిన తప్పేమిటి?

ఉద్యోగుల నీరసానికీ చిరాకుకూ సోమవారాన్ని తిట్టిపోయడం మనకు అలవాటు. అమెరికాలో గ్యాలప్ అనే సర్వే సంస్థకు 3.4 లక్షల మంది ఇచ్చిన జవాబులను పరిశోధకులు విశ్లేషించి 2012లో ప్రచురిస్తే, సోమవారానికీ మంగళ, బుధ, గురువారాలకూ మనఃస్థితిలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. శుక్రవారం కాస్త నయం, శని ఆదివారాలు బాగా నయం, అంతే.

మన దగ్గర ఏ రోజు బరువెక్కుతుందన్నది పని వేళలు ఎవరి చేతిలో ఉన్నాయో దాన్నిబట్టి ఉంటుంది. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక), జిల్లాల్లో రెండూ సోమవారమే. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకోవడంతో ఆ రోజు గడిచిపోతుంది. వాటికి జవాబు రాయాల్సిన మండల ఆఫీసు సిబ్బందికి అసలు తలనొప్పి ఆ తర్వాతే.

హైటెక్ సిటీలో లెక్క తిరగబడుతుంది. సోమవారం ఉదయం 9 గంటలకు రాయదుర్గంలో మెట్రో దిగేవాళ్లకు న్యూయార్క్‌లో ఇంకా ఆదివారం రాత్రే. అక్కడి క్లయింట్ నుంచి మెయిల్ రాదు, ఒత్తిడి సాయంత్రం కాల్‌తో గానీ మొదలవదు. సోమవారం దొరికిన ఆ తీరికంతా వారం చివర వసూలవుతుంది. అక్కడ వేసవిలో శుక్రవారం సాయంత్రం 5 అంటే ఇక్కడ శనివారం తెల్లవారుజాము 2:30. వాడకం తక్కువని చాలా రిలీజులు, అంటే సాఫ్ట్‌వేర్ మార్పులను వాడకంలోకి తేవడం, అప్పుడే పెడతారు. ఏదైనా విరిగితే సరిచేసేదాకా లేవడానికి లేదు. కంపాఫ్ (బదులు సెలవు) ఇస్తారు, వాడుకోనిచ్చే మేనేజరు దొరకాలి. నవంబరులో అమెరికా గడియారం గంట వెనక్కి తిప్పితే ఇక్కడి కాల్ గంటసేపు రాత్రిలోకి జరుగుతుంది. అలాంటి టీముకు శుక్రవారం సాయంత్రం హెచ్‌ఆర్ వాళ్లు తంబోలా ఆడిస్తారు! దాని బదులు రిలీజును బుధవారానికి మార్చమని క్లయింటును ఒక్కసారి అడిగినా మేలు.

బ్యాంకుల్లో మాత్రం సోమవారం నిజంగానే భారం. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు కావడంతో, రెండు రోజుల జనం, ఏటీఎం ఫిర్యాదులు, చెక్కులు ఒక్కసారిగా కౌంటరు మీద పడతాయి. వారానికి ఐదు రోజుల పనిపై బ్యాంకు యాజమాన్యాలకూ యూనియన్లకూ 2024 మార్చిలో కుదిరిన అవగాహన ప్రకారం, శనివారాలన్నీ సెలవైతే సోమ నుంచి శుక్ర వరకు రోజూ 40 నిమిషాలు ఎక్కువ పనిచేయాలి. ఐదు రోజులకూ సమానంగా పంచారు, రద్దీ సమానంగా రాదు. శనివారాలన్నీ మూస్తే ప్రతి సోమవారమూ అలాగే ఉంటుంది. శాఖకు ఆ ఒక్కరోజైనా అదనపు క్యాషియర్‌ను పంపే ఏర్పాటు గురించి యూనియన్లు ఇప్పుడే గట్టిగా అడగాలి.