ఏడు ముక్కలు బట్టీ పడితే ప్రోడక్ట్ మేనేజర్ అయిపోరు

వైజాగ్ ఇంజినీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మధురవాడ హాస్టళ్లు దాటి, రుషికొండ ఐటీ హిల్ మీద మా ఆఫీసు లంచ్ టేబుల్ దాకా వచ్చేసింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "ప్రోడక్ట్ మేనేజర్ అంటే పాత ప్రాజెక్ట్ మేనేజరే, పేరు మార్చారంతే. ఎంవీపీ అంటే సగం కట్టిన యాప్. బ్యాక్‌లాగ్ అంటే పెండింగ్ పని. స్ప్రింట్ అంటే రెండు వారాల డెడ్‌లైన్, స్టోరీ పాయింట్లంటే గంటలు. రోడ్‌మ్యాప్ అంటే తేదీల షీటు. ఓకేఆర్, కేపీఐ, ఎన్‌పీఎస్ అన్నీ ఒకటే. పీఎం (ప్రోడక్ట్ మేనేజర్) అంటే ఆ ప్రోడక్ట్‌కి సీఈఓ. ఈ ఏడు ముక్కలు బట్టీ పడితే ఇంటర్వ్యూ గట్టెక్కినట్టే."

రాసినవాళ్ల చిరాకు నాకు అర్థమవుతుంది. మీటింగుల్లో ఈ మాటలు విసిరి, గంటసేపు "అలైన్ అవుదాం" అని చెప్పి, ఏమీ తేల్చకుండా లేచిపోయేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. కానీ వీటిలో చాలా మాటలు పుట్టిందే ఒక పని కోసం: ఏది చెయ్యబోవడం లేదో, ఏది ఇంకా తెలియదో నలుగురి ముందూ ఒప్పుకోవడానికి. మెసేజ్‌లో ఇచ్చిన అర్థాల్లోంచి సరిగ్గా ఆ భాగమే ఎగిరిపోయింది. మందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి నా ఉదాహరణలన్నీ అక్కడివే.

మొదటిది, పేరు మార్చారన్న ఆరోపణ. సబ్బులు తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో నీల్ మెక్‌ఎల్‌రాయ్ 1931లో ఒక మెమో రాశాడు. ఒక్కో బ్రాండుకి దాని అమ్మకాలూ సమస్యలూ మొదటినుంచీ చివరిదాకా పట్టించుకునే మనుషులు ఉండాలన్నాడు. ఈ ఉద్యోగం మూలాల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా అక్కణ్ణుంచే మొదలుపెడతారు. అంటే కంప్యూటర్ల కన్నా సబ్బులే ముందు. ఇక తేడా అంటారా, ఒప్పుకున్న పని ఒప్పుకున్న టైముకి, బడ్జెట్‌లో పూర్తి చేయించడం ప్రాజెక్ట్ మేనేజర్ బాధ్యత. అసలు ఆ పని ఒప్పుకోవాలా వద్దా అన్నది ప్రోడక్ట్ మేనేజర్ బాధ్యత. చిన్న కంపెనీల్లో రెండూ ఒకరి నెత్తినే పడతాయి, నిజమే. అంతమాత్రాన రెండూ ఒకటైపోవు.

ఎంవీపీ (మినిమమ్ వయబుల్ ప్రోడక్ట్) దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అర్థమే. ఈ మాటని 2001లో ఫ్రాంక్ రాబిన్‌సన్ వాడుకలోకి తెచ్చాడు, తర్వాత 'ది లీన్ స్టార్టప్' పుస్తకం రాసిన ఎరిక్ రీస్ ప్రచారం చేశాడు. ఒక అనుమానం తీర్చుకోవడానికి ఎంత తక్కువ కట్టి కస్టమర్ చేతిలో పెడితే సరిపోతుందన్నదే ఇక్కడ ప్రశ్న. ఆ అనుమానం ఏమిటో రాసుకోకుండా సగం యాప్ రిలీజ్ చేసి "ఇది ఎంవీపీ సార్" అంటే, ఆ మాటని సాకుగా వాడుకున్నట్టే.

మా పనిలో జరిగింది చెప్తాను. మందుల షాపులో ఎక్స్‌పైరీ పెద్ద తలనొప్పి. గడువు దగ్గరపడ్డ స్ట్రిప్పులని టైములో వెనక్కి పంపితే డిస్ట్రిబ్యూటర్ తీసుకుంటాడు. ఆలస్యమైతే ఆ నష్టం షాపువాళ్లదే. మా టీమ్ ముందు గీసిన డిజైన్‌లో బార్‌కోడ్ స్కానింగ్, బ్యాచ్‌వారీ అలర్టులు, రిటర్న్ నోట్ దానంతటదే తయారవడం అన్నీ ఉన్నాయి. నెలల తరబడి పని. అప్పుడు మా డెవలపర్ ఒకమ్మాయి అడిగింది, "లిస్టు చేతికిచ్చినా ఆయన నిజంగా సరుకు తీసి పంపుతాడా, మేడమ్?" ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకని కోడ్ ఏమీ రాయలేదు. కేజీహెచ్ (పెద్ద ప్రభుత్వాసుపత్రి) దగ్గర తెలిసిన షాపు కొనుగోలు బిల్లులు తీసుకుని, మూడు నెలల్లో గడువు తీరే మందులని ఎక్సెల్‌లో వేరుచేసి, సోమవారం పొద్దున్నే ఓనర్‌కి వాట్సాప్‌లో పంపాం. ఆయన చూసి ఫోన్ చేశారు. "లిస్టు బాగానే ఉందమ్మా. ఏ ర్యాక్‌లో ఉందో చెప్పకపోతే ఎతుక్కోడానికే పొద్దెల్లిపోతాది కదా."

ర్యాక్ నంబర్ మా డిజైన్‌లో ఎక్కడా లేదు. ఆయన దృష్టిలో అదే అసలు సంగతి. బార్‌కోడ్ గురించి ఆయన అడగనేలేదు. ఆ ఎక్సెల్ షీటే మా ఎంవీపీ. 1999లో నిక్ స్విన్‌మర్న్ చెప్పుల షాపులో ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టి, ఆర్డర్ వచ్చాకే ఆ షాపుకెళ్లి జత కొని పంపాడు. అదే తర్వాత జాపోస్ అనే ఆన్‌లైన్ చెప్పుల కంపెనీ అయింది. జనం చూడకుండా చెప్పులు కొంటారా అన్నదే అతని అనుమానం. గోడౌన్ కట్టకుండానే అది తీరింది.

బ్యాక్‌లాగ్ విషయంలో మన పిల్లల ఇబ్బంది వేరు. కాలేజీలో బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు. ఎలాగైనా క్లియర్ చెయ్యాలి, లేకపోతే డిగ్రీ రాదు. ఆ భయంతోనే ఉద్యోగంలోకి వచ్చి, లిస్టులో నాలుగొందల ఐటమ్‌లు చూడగానే టెన్షన్ పడతారు. ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్‌ని పూర్తిగా క్లియర్ చెయ్యమని ఎవరూ అడగరు. అది వరసక్రమం ఉన్న జాబితా. పైన ఉన్నవాటికి వివరం ఎక్కువ ఉంటుంది, అడుగునవి ఎప్పటికీ జరగకపోవచ్చు. ఆ వరసకి జవాబుదారీ ప్రోడక్ట్ ఓనర్ అనే ఒకే మనిషి, కమిటీ కాదు అని స్క్రమ్ గైడ్ (స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతికి నియమావళి) స్పష్టంగా రాసింది. ఆ నియమం చాలా ఆఫీసుల్లో మొదటిరోజే గాలికి పోతుంది. సేల్స్ మేనేజర్ వచ్చి "ఇది మస్ట్ అండీ, గాజువాక డీలర్‌కి మాటిచ్చేశాను" అంటాడు, అది పైకెక్కుతుంది. 1994లో డై క్లెగ్ తయారుచేసిన మాస్కో (MoSCoW, ఊరి పేరు కాదు, ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపిన పేరు) పద్ధతిలో నాలుగు గడులుంటాయి: తప్పనిసరి, ఉండాల్సినవి, ఉంటే మంచివి, ఈసారికి వద్దు. నేను చూసిన షీట్లలో ఆ నాలుగో గడి ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది. మొత్తం పద్ధతిలో పనికొచ్చేది అదొక్కటే అని నా అభిప్రాయం.

స్ప్రింట్ అంటే స్క్రమ్‌లో టీమ్ పనిచేసే ఒక్కో విడత. అది రెండు వారాలే ఉండాలని ఎక్కడా లేదు. నెల మించకూడదు, అంతే. స్ప్రింట్‌కి ఒక లక్ష్యం ఉంటుంది. టీమ్ కట్టుబడేది ఆ లక్ష్యానికి. దానికోసం ఎంచుకున్న పనుల జాబితా మధ్యలో మారొచ్చు. 2011లోనే స్క్రమ్ గైడ్ ఆ జాబితా విషయంలో 'కమిట్‌మెంట్' తీసేసి 'ఫోర్‌కాస్ట్' అని పెట్టింది. అంటే అంచనా. వానపడుతుందని చెప్పిన వాతావరణ శాఖని వాన పడకపోతే ఎవరూ మెమో ఇచ్చి పిలవరు. స్టోరీ పాయింట్ల సంగతి ఇంకా విచిత్రం. 2020 నాటి స్క్రమ్ గైడ్‌లో ఆ మాటే లేదు. అవి ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఇంకో పద్ధతి వైపునుంచి వచ్చాయి. ఆ పనితో పోలిస్తే ఈ పని ఎంత పెద్దది అని చెప్పుకోవడానికి 1, 2, 3, 5, 8, 13 అని వేసుకునే అంకెలు. ఒక పాయింటుకి నాలుగు గంటలు అని మేనేజర్ గుణించడం మొదలుపెట్టిన మరుసటి వారమే మూడు పాయింట్ల పని అయిదవుతుంది. స్టోరీ పాయింట్ల ఆలోచన తనదే కావచ్చనీ, అయితే క్షమించండనీ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన రాన్ జెఫ్రీస్ రాశాడు. నాకు ఆయన మీద కోపం లేదు, గుణించినవాళ్ల మీదే.

రోడ్‌మ్యాప్, అంటే ముందుముందు ఏం చెయ్యబోతున్నామో చూపే ప్లాన్, గురించి మెసేజ్ చెప్పింది సగం నిజం. కొన్ని తేదీలు మన చేతుల్లో ఉండవు. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ చాలా మందుల మీద పన్నుని 12 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది, 22 నుంచి అమలు. ఆ ఉదయం షాపు తెరిచేసరికి బిల్లులో కొత్త రేటు పడాల్సిందే. అలాంటివాటికి తేదీ ఉండాలి, పెద్ద అక్షరాల్లో ఉండాలి. మిగతావాటికి, అంటే ఎక్స్‌పైరీ లిస్టు బాగుచెయ్యడం లాంటివాటికి, 'ఇప్పుడు, తర్వాత, ఎప్పుడో' అన్న మూడు గడులు చాలు. అక్కడ కూడా తేదీలు నింపారంటే, ఎవరో బాస్ అడిగితే భయపడి రాసినవే అయ్యుంటాయి.

ఓకేఆర్, కేపీఐ, ఎన్‌పీఎస్ ఒకటే అన్నది మాత్రం పూర్తిగా తప్పు. కేపీఐ (కీ పెర్ఫార్మెన్స్ ఇండికేటర్) అంటే రోజూ చూసుకునే కొలత, ఉదాహరణకి బిల్లు పడటానికి ఎన్ని సెకన్లు పడుతోంది. ఓకేఆర్ (ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్) అంటే ఒక గడువులో ఏం మారాలో ముందే రాసుకోవడం. ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దగ్గర నేర్చుకున్న పెట్టుబడిదారు జాన్ డోర్ దాన్ని 1999లో గూగుల్‌కి పట్టుకెళ్లాడు. అక్కడ పెద్ద లక్ష్యాల్లో 1కి 0.7 వస్తే బాగా చేసినట్టు. మన దగ్గర 0.7 వస్తే అప్రైజల్‌లో "ముప్పై శాతం ఎందుకు తగ్గింది?" అని అడుగుతారు. దాంతో అందరూ చేతికందే లక్ష్యాలే రాస్తారు. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ముందుకు తెచ్చిన ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్) ఇంకోటి: మీవాళ్లకి దీన్ని సిఫార్సు చేస్తారా అని 0 నుంచి 10 దాకా అడిగి, 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తారు. 7, 8 ఇచ్చినవాళ్లు మొత్తం సంఖ్యలో ఉంటారు గానీ, వాళ్లని కలపరు, తీసెయ్యరు. మన షాపువాళ్లు "చాలా బాగుందమ్మా" అంటూ 8 ఇస్తారు. పదికి పది ఎవరికిస్తాం మనం? కాబట్టి వైజాగ్ అంకెని అమెరికా అంకెతో పోల్చి గుండెలు బాదుకోనక్కర్లేదు.

ఇక సీఈఓ. ఈ ముచ్చట బెన్ హోరోవిట్జ్ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌లో ఉన్నప్పుడు తన టీమ్ కోసం రాసిన పత్రంతో ప్రచారంలోకి వచ్చింది. తర్వాత దాన్ని ఇంటర్నెట్‌లో ఉంచినప్పుడు పైనే ఒక హెచ్చరిక పెట్టారు: ఇది 15 ఏళ్ల కిందటిది, ఇప్పటి ప్రోడక్ట్ మేనేజర్లకి బహుశా పనికిరాదు అని. హెచ్చరికని వదిలేసి బిరుదు మాత్రం ఫార్వర్డ్ చేశారు. సీఈఓ మనుషుల్ని తీసుకోగలడు, తీసెయ్యగలడు, డబ్బు కేటాయించగలడు. నాతో పనిచేసే డెవలపర్లలో ఒక్కరు కూడా నాకు రిపోర్ట్ చెయ్యరు. నా మాట వాళ్లు వినాలంటే కేజీహెచ్ దగ్గర ఓనర్ చెప్పినలాంటిది ఒకటి నా దగ్గర ఉండాలి.

బట్టీ పడితే ఇంటర్వ్యూ గట్టెక్కుతుందా అంటే, నేను కూర్చున్న ప్యానెళ్లలో ఎంవీపీ అంటే ఏమిటని ఎవరమూ అడగం. అయిదు ఫీచర్ల జాబితా ఇచ్చి, రెండు తీసెయ్యండి, తీసేసినట్టు సేల్స్ వాళ్లకి ఏం చెప్తారో చెప్పండి అంటాం. "అన్నీ హై ప్రయారిటీయే మేడమ్" అన్న జవాబు తరచూ వస్తుంది. వెళ్లేముందు మీరు రోజూ వాడే యాప్ ఒకటి తీసుకుని అందులో ఏ బటన్ తీసెయ్యొచ్చో, తీసేస్తే ఎవరు గొడవ చేస్తారో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. మేం అడిగేది దాదాపు అదే.