'ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్' గారికి ఒక విన్నపం

అయ్యా,

వాట్సాప్ మెసేజ్‌ల కింద 'వచ్చింది వచ్చినట్టు పంపుతున్నా' అంటూ కూర్చునే మీరు నిన్న రాత్రి మోసుకొచ్చిన నోటీసు, అదే, వానకని స్కూళ్లకు కలెక్టర్ ఇచ్చే లీవు నోటీసు అందింది. దాని పుణ్యమా అని ఈరోజు చెన్నైలో ఎండ పేలిపోతున్నా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. ఇవాళ్టి పాఠం ఏమిటో తెలిస్తే తమరూ సంతోషిస్తారు: 'వార్త మూలం కనుక్కోవడం ఎలా?'

మిమ్మల్ని అనడానికేముంది లెండి, వచ్చింది వచ్చినట్టు పంపుతారు. పోస్ట్‌మ్యానూ అంతే. కాకపోతే అతను కవరు మీద పంపినవాడి అడ్రసు చింపేసి ఇవ్వడు.

ఆ నోటీసు నిరుడు నిజంగా వచ్చినదే. ఎవరో సంవత్సరంలో చివరి అంకె మార్చారు, వారం మార్చడం మరిచారు. 365 రోజులంటే 52 వారాల మీద ఒక రోజు. నిరుడు మంగళవారం పడిన తేదీ ఈ ఏడు బుధవారం పడుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 దాటితే గురువారం. దీనికి గూగుల్ అక్కర్లేదు, వంటింట్లో వేలాడే క్యాలెండర్ చాలు. పైగా లీవు ఇచ్చేది ఏ జిల్లాకు ఆ జిల్లా కలెక్టరు. చెన్నై నోటీసు చూసి తాంబరం పిల్లలు మానేస్తే ఎలా? వాళ్లది చెంగల్పట్టు జిల్లా. ఇక 'రేపు స్కూల్ లీవా' అని గూగుల్‌లో వెతికితే నిరుటి వార్తే పైన కనబడుతుంది, పిల్లలు తేదీ చూడరు. టూల్స్‌లోకి వెళ్లి 'గత 24 గంటలు' పెట్టాలి. అప్పుడూ నమ్మాల్సింది ఆ నోటీసు బొమ్మను కాదు, జిల్లా యంత్రాంగం సొంత ఖాతాలో అదే ప్రకటన ఉందా లేదా అన్నదాన్ని.

ఇంతవరకు క్షమించొచ్చు. మింగుడుపడనిది తమరి భాషాసేవ.

ఇక్కడి తెలుగిళ్లలో ఒక్కో ఫోన్లో కనీసం మూడు గ్రూపులు. స్కూలు అమ్మలది తమిళం, అపార్ట్‌మెంటుది ఇంగ్లిష్, చుట్టాలది తెలుగు. తమిళంలో వచ్చినదాన్ని ఏ పిన్నిగారో తెలుగులో టైపు చేసి పెడతారు. టైపు చేస్తే అది కొత్త మెసేజే. అంతే, ఐదు చేతులు మారిన మెసేజ్ మీద వాట్సాప్ వేసే జంట బాణాల ముద్ర మాయం. ఆ ముద్ర పడ్డదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపాలని 2020 ఏప్రిల్‌లో పెట్టిన కట్టడి కూడా మాయం. స్క్రీన్‌షాట్ తీసినా ఇదే తంతు. రాత్రి పదింటికల్లా తాతగారు తీర్పు చెప్పేస్తారు: "మూడు చోట్ల వచ్చింది, అబద్ధమెలా అవుతుందే?" ఒక్క నోరు మూడు భాషల్లో మాట్లాడితే మూడు సాక్ష్యాలన్నమాట!

పిల్లలకు 'కనీసం రెండు చోట్ల సరిచూడండి' అని నేర్పింది మేమే. ఆ కర్రతోనే మీరు మమ్మల్ని కొట్టారు. ఇప్పుడు మార్చి చెప్పుకోవాలి: చోట్లు లెక్కపెట్టకండి, ఒక్కో చోట 'నీకెవరు చెప్పారు?' అని అడుగుతూ వెనక్కి నడవండి. మూడు దారులూ ఒకే గుమ్మం దగ్గర ఆగితే మీ దగ్గరున్న సాక్షి ఒక్కడే. అయితే అలా నడవబోతే ప్రతి గుమ్మంలోనూ తమరే కూర్చుని ఉంటారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, మీ దగ్గర పొగ కూడా కాపీ పేస్టే.

ఒక వెబ్‌సైటును నమ్మొచ్చా లేదా అని పిల్లలచేత టిక్కులు పెట్టించే మీ చెల్లెలు చెక్‌లిస్టు వర్క్‌షీటుకీ మా నమస్కారాలు చెప్పండి. అక్షరదోషాలు లేవు, టిక్కు. చివర డాట్ ఓఆర్‌జీ ఉంది, టిక్కు. 'మా గురించి' పేజీ ఉంది, టిక్కు. చెట్లెక్కే ఆక్టోపస్ గురించి 1998లో ఓ సరదా సైటు పెట్టారు, ఈ లెక్కన దానికీ మార్కులు బాగానే పడతాయి. పెళ్లికొడుకు ఎలాంటివాడో పెళ్లికొడుకునే అడుగుతామా? ఊళ్లో విచారిస్తాం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వార్తల నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్ చెకర్లను 10 మందిని, 10 మంది చరిత్రకారులను, 25 మంది విద్యార్థులను కూర్చోబెట్టి చూస్తే, తెలియని సైటు కనబడగానే దాన్ని వదిలి పక్క ట్యాబుల్లో విచారించింది ఫ్యాక్ట్ చెకర్లే. పీహెచ్‌డీలున్న చరిత్రకారుల్లో చాలామంది ఆ పేజీనే శ్రద్ధగా చదువుతూ మోసపోయారు.

లీవు పోతే పోయింది. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు దిగారంటూ తిరిగిన వీడియో గుర్తుందా? అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో బైకు మనిషి పిల్లాణ్ణి తెచ్చి దింపేసి, అట్ట మీద రాసిన హెచ్చరిక చూపిస్తాడు. ఆ చివరి ముక్కే కోసేశారు. ఆ వదంతుల రోజుల్లోనే, మే నెలలో, బెంగళూరు చామరాజపేటలో బతుకుతెరువు కోసం వచ్చిన ఒక మనిషిని పిల్లల దొంగ అనుకుని కొట్టి చంపారు. ఆ వీడియో కింద ఎంతమంది మీ పేరు రాసి చేతులు దులుపుకున్నారో. సిగ్గుందా అసలు? ఏది వచ్చింది? ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? నోరు విప్పి చెప్పరేం?

ఈ ఉదయం గ్రూపులో ఏడో తరగతి పిల్ల ఒకతె వాళ్లమ్మ ఫోన్ నుంచి పెట్టింది: "అంకుల్, ఇవాళ బుధవారం. నోటీసులో మంగళవారం అని ఉంది." నోటీసు పెట్టిన ఆ అంకుల్ కిక్కురుమనకుండా 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కారు. ఎవ్రీవన్ అంటే ఆ ఒక్క గ్రూపువాళ్లే. మిగతా గ్రూపుల్లో తమరింకా లీవు ఇస్తూనే ఉన్నారు.

ఇట్లు,
సగం క్లాసు టీచరు