ఏసీ డీలక్స్ రూము గారికి ఒక తాత విన్నపాలు

మహారాజశ్రీ ఏసీ డీలక్స్ రూము గారి సముఖానికి, మీ గుమ్మం బయట చెప్పులు, కౌంటర్ దగ్గర పర్సు వదిలేసి వచ్చిన ఒక తాత రాసుకునే విన్నపాలు. ఉభయకుశలోపరి.

తొలి కాన్పు పుట్టింటివాళ్లది కాబట్టి మీ బిల్లు నా మీద పడింది. అందుకేం బాధ లేదు. మా అమ్మాయి ఇదే విశాఖలో, వన్‌టౌన్ ఘోషాసుపత్రిలో పుట్టింది. వరస మంచాల వార్డు, పక్క మంచంవాళ్లే మా ఫ్లాస్కులోకీ వేడినీళ్లు తెచ్చిపెట్టేవారు. సర్కారు ఆసుపత్రిలో కాన్పుకి, సిజేరియన్ అయినా సరే, పైసా తీసుకోకూడదని 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం కూడా ఉంది. ఆ మాట ఇంట్లో ఎత్తాను. "వియ్యపురాలు ఏమనుకుంటుంది?" అంది మా ఆవిడ. అంతే, మీ బుకింగ్ ఖాయం.

మిమ్మల్ని ఉత్త అద్దెగది అనుకున్నాను. కౌంటర్‌లో అమ్మాయి నా కళ్లు తెరిపించింది.

"రూము మారితే సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా మారతాయి సార్."

"కత్తి కూడా మారుతుందా అమ్మా?"

"కేటగిరీ మారుతుంది సార్."

కోసిన చెయ్యి అదే, వేసిన కుట్లూ అవే. మీ నంబరు పడేసరికి కుట్టుకూలి పెరిగింది.

ఇన్సూరెన్సువాళ్లకి మీరంటే మరీ గౌరవం. అల్లుడి కంపెనీ పాలసీలో రూముకి రోజుకి 5000 దాకానే. మీరేమో 8000. పై మూడువేలూ నేను వేసుకుంటే తీరిపోతుందనుకున్నా. తీరదట! డాక్టర్ల ఫీజులూ, థియేటర్ ఖర్చూ కూడా ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారట. పైగా రోజుకి 5000 దాటిన గదికి 2022 జులై నుంచి 5 శాతం జీఎస్టీ. ఐసీయూకి మాత్రం లేదు. అంటే తల్లీబిడ్డా కులాసాగా ఉన్నందుకు పన్ను కట్టానన్నమాట.

ఇక మీ ఏసీ సంగతి. అమ్మాయిని తెచ్చి మంచం మీద వేశారో లేదో, మా అత్తగారు రిమోట్ లాక్కుని కట్టేశారు. బాలింతకి చల్లగాలా! చెవుల్లో దూది, తలకి తువ్వాలు, కాళ్లకి మేజోళ్లు. ఫ్యాను ఒకటో నంబరు దాటకూడదు. బయట విశాఖ మే నెల ఉక్క. సముద్రం కనిపిస్తుందని చెప్పిన కిటికీ తెరుచుకోదు, అందులోంచి పక్క బిల్డింగు నీళ్లట్యాంకు కనిపిస్తుంది. వియ్యంకుడుగారు మీ సోఫాలో చెమటలు కక్కుతూ డైట్ చార్టుతో విసురుకున్నారు. నేను మెల్లగా జారుకుని జనరల్ వార్డు వరండాలో కూర్చున్నాను. అక్కడ గాలి బ్రహ్మాండం.

డిశ్చార్జి రోజున డాక్టరమ్మ పొద్దున్నే వెళ్లిపొమ్మన్నారు. ఫైలు మాత్రం ఫార్మసీ, ఇన్సూరెన్సు డెస్కు, బిల్లింగు చుట్టూ ప్రదక్షిణ చేసి సాయంత్రానికి దిగింది. పన్నెండు దాటింది కాబట్టి మీకు ఇంకో రోజు అద్దె. ఆ పూటంతా మీ మంచం మీద సంచులే పడుకున్నాయి.

వెళ్లేముందు మా వియ్యపురాలు మిమ్మల్ని నాలుగువైపులా ఓసారి పరికించి, "సూట్ రూములు ఖాళీ లేవన్నారా అన్నయ్యగారూ?" అన్నారు.

చిత్తగించవలెను.