గేట్లు లెక్కపెట్టి ఫార్వర్డ్ చేయండి

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, ఫోన్లలో ప్రాజెక్టులు తెగిపోవడం మొదలవుతుంది. ‘శ్రీశైలం 14 గేట్లు ఎత్తేశారు, గంటలో 50 టీఎంసీలు వదిలారు, దిగువ ఊళ్లు ఖాళీ చేయాలి’ అనే తరహా సందేశం కుటుంబ గ్రూపులోకి వచ్చిందనుకుందాం. అది అబద్ధమని తేల్చడానికి ఇంజినీరు అక్కర్లేదు. శ్రీశైలానికి ఉన్నవే 12 గేట్లు. నాగార్జునసాగర్‌కు 26, ప్రకాశం బ్యారేజీకి 70, ధవళేశ్వరానికి 175. ఇక నీటి లెక్క చూడండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కుల చొప్పున 24 గంటలు వదిలితే వెళ్లేది 8.64 టీఎంసీలు. గంటలో 50 టీఎంసీలంటే దాదాపు 139 లక్షల క్యూసెక్కులు పారాలి. 2024 సెప్టెంబరులో విజయవాడ వణికిపోయినప్పుడు ప్రకాశం బ్యారేజీకి వచ్చిన రికార్డు వరదే 11.43 లక్షలు!

మిగతా పుకార్లతో పోలిస్తే వరద పుకారుకున్న బలహీనత ఇదే. అది అంకెలు చెప్పక తప్పదు, అంకె చెప్పిందా దొరికిపోతుంది. భద్రాచలంలో గోదావరి మట్టాన్ని అడుగుల్లో చెబుతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం వద్ద హెచ్చరికలు ప్రవాహాన్ని బట్టి 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు జారీ అవుతాయి. ‘ధవళేశ్వరంలో 12 లక్షలు, మూడో హెచ్చరిక జారీ’ అని ఎవరైనా పంపితే ఆ రెండు ముక్కల్లో ఒకటి కచ్చితంగా తప్పు.

వీడియోల సంగతి వేరు. 2022 జులైలో భద్రాచలం వద్ద నీరు 71.3 అడుగులకు చేరింది. అప్పటి దృశ్యాల మీద ‘ఇప్పుడే’ అని రాసి ఈ ఏడాదీ పంపొచ్చు, వచ్చే ఏడాదీ పంపొచ్చు. ‘ఇప్పుడే’ అన్న మాటకు ఫార్వర్డులో తేదీ ఉండదు. ఫోన్ గ్యాలరీలో కనిపించే తేదీని నమ్మి లాభం లేదు, సాధారణంగా అది మన ఫోన్లోకి దిగిన రోజే. వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫొటోలోంచి అది తీసిన సమయం, చోటు వంటి వివరాలు ముందే ఎగిరిపోతాయి.

కాబట్టి వీడియోను ఆపి, దుకాణం బోర్డో, బస్సో, వంతెన రెయిలింగో స్పష్టంగా కనబడే చోట స్క్రీన్‌షాట్ తీయాలి. మనిషి ముఖం, ఉత్త నీళ్లు ఉన్న ఫ్రేము పనికిరాదు. నీళ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఆ స్క్రీన్‌షాట్‌ను, బొమ్మతో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వేయాలి. అలాంటిదే అయిన టిన్‌ఐ సైట్‌లోనైతే ఫలితాలను పాతవాటి నుంచి వరసగా పేర్చుకోవచ్చు. నిరుటి తేదీతో అదే దృశ్యం ఒక్కచోట దొరికినా కథ కంచికే. ఏమీ దొరకకపోతే మాత్రం నిజమని కాదు, ఇంకా తేలలేదని అర్థం. ఇక్కడే చాలామంది తొందరపడతారు. బోర్డు మీది లిపి ఏ రాష్ట్రానిదో చూడాలి. తెలంగాణ వాహనం నంబరు ‘టీజీ’తో మొదలైతే వీడియో 2024 మార్చికి ముందుది కాదు, ‘టీఎస్’ అయితే పాతదని చెప్పలేం, ఆ బళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. దృశ్యం ఒకచోటిది, మీద మాట్లాడే గొంతు వేరొకరిది కావడమూ మామూలే. వీడియోలో జనం పెదాలు కదులుతున్నా వాన చప్పుడు, అరుపులు ఏవీ వినిపించకుండా ఒక్క వ్యాఖ్యానమే సాగుతుంటే అనుమానించాల్సిందే.

‘రేపు బడులకు సెలవు’ అనే ఉత్తర్వు మరో రకం. కిందటేడాది కాగితంలో తేదీ ఒక్కటే దిద్దుతారు, వారం పేరు మార్చడం మరిచిపోతారు. బదిలీ అయిన కలెక్టర్ పేరు అలాగే ఉండిపోతుంది. పత్రిక క్లిప్పింగ్ వస్తే ఆ రోజు ఈ-పేపర్ తెరిచి, ఆ జిల్లా పేజీలో ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

అలాగని భయపెట్టేదల్లా అబద్ధం కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయిందన్న వార్త మొదట పుకారులాగే వినిపించింది. అది నిజం. కాకపోతే పోయింది 33 గేట్లలో ఒకటి. డ్యామ్ తెగిపోవడం వేరు. వారం తిరిగేలోపే అక్కడ స్టాప్‌లాగ్ (గేటు బదులు నీటిని ఆపే తాత్కాలిక అడ్డు) దించారు. అలాంటి రాత్రి ‘అంతా ఫేకే’ అని కొట్టిపారేసిన పెద్దమనిషి కూడా పుకారు పుట్టించినవాడంత ప్రమాదకారే. అనుమానం ఉంటే జిల్లా కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేయాలి, గ్రూపులో ఓటింగ్ పెట్టకూడదు.

చట్టానికి కొదవ లేదు. తప్పుడు విపత్తు హెచ్చరికతో జనాన్ని బెదరగొడితే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. అయితే ఏది అబద్ధమో తేల్చే పని సర్కారు ఒక్కదానికే అప్పగించడం మాకు సమ్మతం కాదు. తనకు సంబంధించిన వార్తల్లో అబద్ధాలను తానే తేల్చేలా కేంద్రం 2023లో తెచ్చిన ఐటీ నిబంధనను బాంబే హైకోర్టు 2024లో కొట్టేసింది కూడా. అధికారులు చేయాల్సింది వేరే ఉంది. రాత్రిళ్లు సహా నిర్ణీత వేళకు తెలుగులో బులెటిన్ ఇవ్వాలి. తేదీ, గంట బొమ్మలోనే అచ్చయి ఉండాలి, కత్తిరించినా పోకుండా మధ్యలో ఉండాలి. ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లోతో ఆపకుండా ఏ మట్టానికి ఏ ఊరి రోడ్డు మునుగుతుందో చెప్పాలి. లంక గ్రామంలో ఉన్నవాడికి కావాల్సింది ఆ చివరి ముక్కే. అది దొరకనప్పుడే అతను ఎవరి ఆడియోనో నమ్ముతాడు.

పంపేశాక తప్పని తెలిస్తే? వాట్సాప్‌లో ‘అందరికీ తొలగించు’ రెండు రోజులకు పైగా పనిచేస్తుంది గానీ, అప్పటికే ముందుకు వెళ్లిన కాపీలను అది తాకదు. మెసేజ్ తీసేసి ఊరుకోకుండా, అదే గ్రూపులో ఏది తప్పో, అసలు అంకె ఎంతో రాసి పెట్టాలి. గ్రూపు అడ్మిన్ దాన్ని పైన పిన్ చేసి, నీళ్లు తగ్గేదాకా ఉంచాలి.